పాడలేనివారికి నియమాలు

నర్సీపట్నంలో గిటారు పట్టిన పిల్లలు మామూలుగా నాలుగు కార్డులతో మొదలుపెడతారు. నెల తిరిగేసరికి ఏదో ఒక సినిమా పాట పల్లవి వచ్చేస్తే ఇంట్లోవాళ్లకి సంతోషం. అబిద్ సెంటర్‌కి కూతవేటు దూరంలో పాఠం చెప్పే ఒక అబ్బాయి మాత్రం పిల్లల చేత నాలుగైదు వందల ఏళ్ల కిందటి ఐరోపా ముక్కలు వాయిస్తాడు. వాటిలో చాలావరకు గిటారు కోసం పుట్టినవి కావు. కొన్ని ల్యూట్‌వి, కొన్ని స్పెయిన్‌లో విహువేలా అనే వాద్యానివి. ల్యూట్ అంటే సగానికి కోసిన బొప్పాయిలాంటి బొజ్జ, వెనక్కి విరిచిన తల ఉన్న తీగవాద్యం. అరబ్బుల ఊద్ నుంచి వచ్చింది. విహువేలా నడుము సన్నబడి మన గిటారు పోలికలోనే ఉంటుంది.

ఆ అబ్బాయి పిన్ని విజయనగరం సంగీత కళాశాలలో వీణ నేర్చుకుంది. ఇప్పుడు ఇంటి దగ్గరే పాఠాలు చెబుతుంది. ఆమె వీణ బొబ్బిలిది, పనసచెక్కతో చేసింది. అక్క కొడుకు చేస్తున్న పని ఆమెకి నచ్చలేదు. నచ్చలేదని ఊరుకునే మనిషి కాదు. వాళ్లిద్దరి వాదన విని రాశాను. సాగిన చోట కత్తిరించాను తప్ప ఎవరి మాటనీ మెత్తబరచలేదు.

పిన్ని: ఏటి నాన్నా, ఆ పిల్ల అరగంట నుంచి ఏం వాయిస్తోంది? వింటూనే ఉన్నాను, పాట ఎక్కడా ఎత్తుకోలేదు.

అబ్బాయి: పాట కాదు పిన్నీ. డాల్జా అని ఇటలీ ల్యూట్ విద్వాంసుడిది. 1508లో వెనిస్‌లో అచ్చయింది. తీగలన్నీ శ్రుతిలో ఉన్నాయో లేదో తడిమి చూసుకునే చిన్న ముక్క. అది అయ్యాక అసలు దాంట్లోకి వెళ్తారు.

పిన్ని: తీగలు తడిమి చూసుకోవడం మేమూ చేస్తాం. దాన్ని అచ్చు వేయించుకోవాలా?

అబ్బాయి: అచ్చు వేయించారు కాబట్టే ఐదు వందల ఏళ్ల తర్వాత నర్సీపట్నంలో ఒక పిల్ల వాయిస్తోంది. 1507లో పెట్రూచి అనే అచ్చువేసేవాడు స్పినచీనో అనే విద్వాంసుడి ముక్కల్ని రెండు పుస్తకాలుగా తెచ్చాడు. ల్యూట్ సంగీతం అచ్చులోకి రావడం అదే మొదలు. ఇదిగో చూడు. ఆరు గీతలు, ఒక్కో గీత ఒక్కో తీగ. గీత మీద అంకె మెట్టు సంఖ్య. సున్నా అంటే ఉట్టి తీగ. పైన నిలువు గుర్తులు కాలానికి. అంకె కింద చుక్క ఉంటే ఆ దెబ్బ చూపుడువేలితో పైకి మీటాలి, చుక్క లేకపోతే బొటనవేలితో కిందికి. ఇంకో చిత్రం ఏమిటంటే అన్నిటికన్నా కింది గీత అన్నిటికన్నా సన్నటి తీగ. వాద్యం పట్టుకున్నప్పుడు నేలవైపు ఉండేది ఆ తీగే కదా.

పిన్ని: బాగుంది. మరి స్వరం ఏది? ఇక్కడ షడ్జం అనీ ఇది గాంధారం అనీ ఎక్కడ రాశారు?

అబ్బాయి: రాయరు. అక్కర్లేదు. వేలు ఎక్కడ పెట్టాలో చెబుతుంది, స్వరం అదే పలుకుతుంది. ఆ పుస్తకం ముందు పేజీల్లో పాడలేనివారి కోసమని నియమాలు కూడా వేశాడు పెట్రూచి.

పిన్ని: పాడలేనివారి కోసమా!

అబ్బాయి: అవును. చర్చి బళ్లో చేరి స్వరలిపి పాడటం నేర్చుకునే వీలు అందరికీ లేదు. అలాంటివాళ్లు కూడా సాయంత్రం ఇంట్లో కూర్చుని వాయించుకోవాలని.

పిన్ని: అక్కడే వచ్చింది నీకూ నాకూ తేడా. నేను వీణ పట్టకముందు ఏడాది పాడాను. సరళీలు, జంటలు, అలంకారాలు, గీతాలు అన్నీ గొంతుతోనే. మా టీచరుగారు వీణ ముట్టనిచ్చేవారు కాదు. పాట ముందు గొంతులో కుదరాలి, తర్వాత చేతిలోకి దిగాలి. గొంతు దాటి నేరుగా చేతికి వెళ్లే దారిని నువ్వు గొప్పగా చెబుతున్నావు. నాకది గొప్పగా కనిపించడం లేదు.

అబ్బాయి: నీకు టీచరుగారు దొరికారు. 1919లో విజయనగరంలో రాజావారు కళాశాల పెట్టి ఆదిభట్ల నారాయణదాసుగారిని కూర్చోబెట్టారు. ద్వారం వెంకటస్వామినాయుడుగారి వంటివాళ్లు అక్కడ పాఠం చెప్పారు. ఆ గాలి నీదాకా వచ్చింది. నాకు ఇంగ్లండ్ ల్యూట్ విద్వాంసుడు డౌలండ్ పాఠం ఎవరు చెబుతారు? ఆయన 1626లో పోయాడు. ఆయన తరవాత శిష్యపరంపర కూడా పోయింది. కాగితం ఒక్కటే మిగిలింది.

పిన్ని: పరంపర పోయిందంటే కాగితం కాపాడలేకపోయిందనేగా అర్థం?

అబ్బాయి ఇక్కడ కొంచెం ఆగాడు. ఆమె పట్టుకున్నది బలమైన చోటు. పదమూడు జతల తీగలదాకా పెరిగిన ల్యూట్‌ను శ్రుతి చేసుకోవడమే ఒక పని అయిపోయింది. డ్రెస్డెన్ ఆస్థానంలో ఉన్న ల్యూట్ విద్వాంసుడు వైస్ 1750లో, బాఖ్ పోయిన ఏడాదే పోయాడు. ఆ శతాబ్దం ముగిసేసరికి ఐరోపాలో ల్యూట్ దాదాపు మూగపోయింది. మళ్లీ ఇంగ్లండ్‌లో ఆర్నాల్డ్ డోల్మెచ్ పాత వాద్యాలు చూసి కొత్త ల్యూట్ చేసింది 1893లో. మధ్యలో పుస్తకాలు అల్మారాల్లో భద్రంగానే ఉన్నాయి. వాయించే చెయ్యి లేదు.

అబ్బాయి: కాపాడలేకపోయింది, ఒప్పుకుంటాను. అప్పటి వాళ్లు కుడిచెయ్యి ఎలా ఆడించేవాళ్లో పాత చిత్తరువుల్లో వేళ్ల వాలు చూసి ఊహించాల్సి వచ్చింది. కానీ పిన్నీ, పోయినదాన్ని తిరిగి తెచ్చుకోవడానికి ఒక దారి మిగిలిందా లేదా? పెట్రూచి వరసలో మూడో పుస్తకం ఉండేది, జోవన్ మరియా అనే ఆయనది. ఒక్క ప్రతీ దొరకలేదు. దాంతో అందులోని సంగీతం పోయినట్టే. స్పినచీనోది, డాల్జాది ఉంది. కాగితం ఉన్నవాడికీ లేనివాడికీ అంత తేడా. మనకి అన్నమయ్య విషయంలో ఏమైంది?

పిన్ని: అన్నమయ్యని ఎందుకు లాగుతావు?

అబ్బాయి: లాగాలి. ఆయన 1503లో వెళ్లిపోయారు. అంటే వెనిస్‌లో ల్యూట్ పుస్తకం అచ్చు కావడానికి నాలుగేళ్ల ముందు. తాళ్లపాకవారు కీర్తనల్ని కాగితం మీద కాదు, రాగిరేకుల మీద చెక్కించారు. తిరుమల గుడిలో భాండారం కట్టి దాచారు. వేల కీర్తనలు. ఇంత జాగ్రత్త లోకంలో ఎవరు పడ్డారు? కానీ రేకు మీద ఏముంది? సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది. స్వరం లేదు. వరస పాడేవాళ్ల గొంతులో ఉంటుందని నమ్మారు. గొంతులు ఆగిపోయాయి. ఇరవయ్యో శతాబ్దంలో రేకులు బయటపడి వేటూరి ప్రభాకరశాస్త్రిగారు, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు వాటితో కూర్చునేసరికి మాటలు మిలమిల్లాడుతున్నాయి, పాట లేదు. రాళ్లపల్లివారు, ఆ తర్వాత నేదునూరి కృష్ణమూర్తిగారు, ఇంకా ఎందరో కొత్తగా వరసలు కట్టాల్సి వచ్చింది. నువ్వు శనివారం పాడే అన్నమయ్య కీర్తన వరస అన్నమయ్యది కాదు పిన్నీ. ఆయన పోయేనాటికి పసివాడు మిలాన్ నగరం ఫ్రాంచెస్కో, ల్యూట్ విద్వాంసుడు. ముగ్గురు పోప్‌ల కొలువు చేసినవాడు, దివ్యుడని పేరు పడ్డవాడు. ఆయన ముక్క ఏ తీగ, ఏ మెట్టు అన్నది నా దగ్గర ఉంది. మన పదకవితాపితామహుడిది లేదు. నాకు బాధగా ఉండదా?

పిన్ని: ఉంటుంది. నాకూ ఉంది. అయితే నువ్వు చెప్పని సగం నేను చెబుతాను. రాళ్లపల్లివారు కట్టిన వరసకి రాగలక్షణం ఎక్కడినుంచి వచ్చింది? ఆ రాగం నాలుగు వందల ఏళ్లుగా ఎవరో ఒకరు పాడుతూనే ఉన్నారు కాబట్టి వచ్చింది. కీర్తన వరస పోయింది, రాగం బతికింది. మీ ఫ్రాంచెస్కో విషయంలో ముక్క బతికింది, అది పుట్టిన చెట్టు ఎండిపోయింది. ఆయన పాటకచేరీలో ఏం చేసేవాడో నువ్వు నాకు చెప్పగలవా?

అబ్బాయి: చెప్పినవాళ్లున్నారు. ఫ్రాన్స్‌లో పొంటస్ దె త్యార్ 1555లో రాశాడు. ఒక విందులో ఫ్రాంచెస్కో భోజనాల బల్ల దగ్గర కూర్చుని తీగలు తడమడం మొదలుపెట్టాడట. మూడు మీటులు మీటేసరికి మాటలు ఆగిపోయాయట. కూర్చున్నవాళ్లు ఒళ్లు తెలియకుండా అయిపోయి, ఆయన మళ్లీ తానే వాళ్లని మామూలు స్థితికి తెచ్చాడట.

పిన్ని: ఆ తడమడం నీ కాగితంలో ఉందా?

అబ్బాయి: ఆ రోజు వాయించినది లేదు.

పిన్ని: అదీ సంగతి.

ఈ చోట నా మొగ్గు దాచను. ఆమె గెలిచినట్టే అనిపించింది గాని, నాకు అబ్బాయి బాధే పెద్దదిగా తోచింది. తాళ్లపాకవారు రేకు మీద ఇంకో వరస గీతలు చెక్కించి ఉంటే అన్న ఆశ ఒకసారి పుట్టాక పోదు. వాళ్లకి వాద్యం మీద వేలి జాడ రాసే అలవాటు లేదు. ఇటలీలో ఇంచుమించు అదే కాలంలో ఆ అలవాటు పుట్టింది. జర్మనీలో ల్యూట్‌కి ఇలా రాసే పద్ధతి కనిపెట్టింది న్యూరెంబర్గ్ ఆర్గన్ విద్వాంసుడు కాన్రాడ్ పౌమన్ అని వాళ్లు చెప్పుకుంటారు. ఆయన పుట్టుగుడ్డి. కంటితో చూసి చదివే లిపిని చూపులేని మనిషికి ఆపాదించారంటే, ఆ లిపి స్పర్శకి ఎంత దగ్గరో తెలుస్తుంది.

పిన్ని: అయినా మనవాళ్లు రాయలేదనకు. 1904లో ఎట్టయపురంలో సుబ్బరామ దీక్షితులు సంగీత సంప్రదాయ ప్రదర్శిని అచ్చు వేయించారు, మన తెలుగు లిపిలో. స్వరం మీద గమకానికి గుర్తులు పెట్టారు. కంపితం, స్ఫురితం, నొక్కు, రవ, ఖండింపు, వళి, ఒదుగింపు, ఒరిక, జారు. వీటిలో సగం వీణ మీద వేలు చేసే పనులే.

అబ్బాయి: నేను చెప్పబోయేదే నువ్వు చెప్పావు! ఆ పుస్తకం ఎందుకొచ్చింది? చిన్నస్వామి మొదలియారుగారు మన కృతుల్ని ఐరోపా లిపిలో అచ్చు వేయాలని పూనుకుని, దీక్షితులవారి వెంటపడ్డారు. ఆ ఒత్తిడిలోంచే వచ్చింది. పైగా కర్ణాటక సంగీతంలోకి వయొలిన్‌ని తెచ్చారని చెప్పుకునే బాలుస్వామి దీక్షితులకి ఈయన మనవడు.

పిన్ని: కాదనను. కానీ ఆ పుస్తకం దగ్గర పెట్టుకుని ఎప్పుడూ వినని కృతిని వాయించి చూడు. ఒదుగింపు అని గుర్తుంటుంది. ఒకే మెట్టు మీద తీగని పక్కకి లాగి పై స్వరం పలికించాలి. ఎంత లాగాలి? ఎంతసేపట్లో? దిగేటప్పుడు మధ్యలో ఎక్కడ ఊపిరి పట్టాలి? వరాళి గాంధారానికి ఒక తీరు, తోడి గాంధారానికి ఇంకో తీరు. విన్నవాడికి ఆ గుర్తు చాలు. విననివాడికి అది గోడ. మీ అంకెలు మెట్టు సంఖ్య చెబుతాయి. మా సంగీతం మెట్టుకీ మెట్టుకీ మధ్య ఉంటుంది.

అబ్బాయి: మా వాళ్ల సంగీతం అక్కడ లేదు కాబట్టే అంకెలు సరిపోయాయి. రెండు మూడు గొంతులు ఒకేసారి నడుస్తాయి. పై తీగ మీద ఒకటి, కింద ఒకటి. ఒకటి ఎత్తుకున్న మాటని ఇంకొకటి అందుకుంటుంది. అందులో ఒక తీగని లాగావంటే రెండోదానితో పొంతన చెడుతుంది. మెట్టు దగ్గర నిలబడాల్సిందే. ఇది తక్కువా ఎక్కువా అని కాదు, వేరు పని.

పిన్ని: మెట్టు అంటున్నావు గనక అడుగుతాను. మీ మెట్లు ఎవరు పెడతారు?

అబ్బాయి: గిటారుకి ఇప్పుడు ఫ్యాక్టరీలోనే దిగ్గొట్టేస్తారు. ల్యూట్‌కి అలా కాదు. మెట్టు అంటే మెడ చుట్టూ కట్టిన నరం. జరుపుకోవచ్చు.

పిన్ని: మైనంలో కూర్చోబెట్టిన వీణ మెట్టు కూడా జరుగుతుంది. ఎండాకాలం జరక్కపోతే ఆశ్చర్యపోవాలి! మేళం కట్టేవాడు మళ్లీ వచ్చి ఒక్కో మెట్టూ చెవితో సరిచూసి పెడతాడు. ఇరవై నాలుగు.

అబ్బాయి: ఇదిగో, స్కేలు పట్టుకో. ఈ గిటారు తీగ పొడుగు 65 సెంటీమీటర్లు. గెలీలియో తండ్రి విన్చెంజో గెలీలీ ల్యూట్ విద్వాంసుడు. 1581లో ఒక సంవాదంలో మెట్లకి లెక్క చెప్పాడు. తీగలో పద్ధెనిమిదో వంతు దగ్గర మొదటి మెట్టు. మిగిలినదానిలో మళ్లీ పద్ధెనిమిదో వంతు దగ్గర రెండోది. అలా పన్నెండు. 65ని 18తో భాగిస్తే 3.6. కొలిచి చూడు.

పిన్ని: మూడున్నర దాటి ఇంకొంచెం.

అబ్బాయి: ఆయన లెక్కన పన్నెండో మెట్టు సరిగ్గా సగంలో పడదు. రెండు మిల్లీమీటర్ల పైచిలుకు తక్కువ పడుతుంది. ఇప్పటి గిటారుకి పద్ధెనిమిదికి బదులు 17.8 చిల్లరతో భాగించి సరిచేస్తారు. అయినా చెవికి దాదాపు ఒకటే. తండ్రి తీగలకి బరువులు కట్టి పరీక్షలు చేసేవాడు. కొడుకు కొలిచి నమ్మడం నేర్చుకున్నది ఆ ఇంట్లోనే అని నాకు అనిపిస్తుంది.

పిన్ని: మన రామామాత్యుడు అంతకు ముందే, 1550లో, స్వరమేళకళానిధి రాశాడు. అళియ రామరాయల కోసం. అందులో వీణ మెట్లు ఎలా పెట్టాలో ఉంది. ఆయన స్కేలు పట్టలేదు. ఉట్టి తీగల్ని శ్రుతి చేసి, ఒక తీగ మీది స్వరం రెండో తీగతో కలిసేచోట మెట్టు పెట్టమన్నాడు. ఒక మేళానికి అచ్యుతదేవరాయల పేరు కూడా ఉంది. మధ్యమేళ వీణ అని చెప్పినదే మా ఇప్పటి వీణ శ్రుతికి దగ్గర. అన్ని రాగాలకీ పనికొచ్చేలా మెట్లు కదలకుండా పెట్టే పద్ధతి, ఒక్కో రాగానికి జరుపుకునే పద్ధతి, రెండూ ఆయనకి తెలుసు.

అబ్బాయి: చూశావా! అచ్యుతదేవరాయలు హంపీ విజయనగరంలో సింహాసనం మీద ఉండగానే 1536లో వలెన్సియాలో లూయిస్ మిలాన్ విహువేలా పుస్తకం తెచ్చాడు, 1538లో వయ్యదోలీద్‌లో నర్వాయెజ్ తెచ్చాడు. మిలాన్ పుస్తకం అంకితం పుచ్చుకున్న పోర్చుగల్ రాజు మూడో జోవావ్‌దే అప్పుడు గోవా. రెండు లోకాలూ ఒకే ప్రశ్నతో కుస్తీ పడుతున్నాయి. మెట్టు ఎక్కడ పెట్టాలి? నా పిల్లలకి ఈ సంగతి నీ వీణా నా గిటారూ పక్కపక్కన పెట్టి చూపిస్తే తెలుస్తుంది. సినిమా పాట కార్డులతో తెలియదు.

పిన్ని: తెలివితేటలకి బాగుంది. సంగీతానికి? మిలాన్ ముక్క ఎంత కాలప్రమాణంలో వాయించాలో ఆయన చెప్పాడా?

అబ్బాయి: చెప్పాడు. వేగం గురించి మాటల్లో రాసిన తొలి పుస్తకాల్లో అదొకటి. తీగలన్నీ కలిసి మోగేచోట నెమ్మది, ఒంటి స్వరాల పరుగు వచ్చినప్పుడు వేగం అన్నాడు. పాటలకైతే రెండేసి రకాలు ఇచ్చాడు. ఒకదాంట్లో వాద్యం నిండుగా వాయిస్తుంది, పాడేవాడు సాదాగా పాడాలి. రెండోదాంట్లో వాద్యం సాదా, పాడేవాడు తన గమకాలు వేసుకోవచ్చు.

పిన్ని: అది నాకు నచ్చింది. పక్కవాద్యం ఎప్పుడు తగ్గాలో తెలిసినవాడు.

అబ్బాయి: నర్వాయెజ్‌ది విను. ఆవుల్ని కాయమని అడిగే పల్లెపాట ఒకటి. కింది స్వరాలు మారవు, పైన నాలుగు వరసలు మారుతూ వస్తాయి. ఇలా ఒకే పాటని మార్చి మార్చి వాయించే పద్ధతి అచ్చులో కనిపించడం ఇదే తొలిసారి అంటారు. ఆస్థానం పుస్తకంలోకి పశువుల కాపరి పాట వచ్చింది. పెదబొడ్డేపల్లి పశువుల సంత చూసి పెరిగిన పిల్లలకి ఇది పరాయిదా?

పిన్ని (విన్నాక): సంగతులు వేస్తున్నాడు. కాకపోతే త్యాగరాజస్వామి సంగతిలో ముందు సంగతి కడుపులోంచి తర్వాతిది వస్తుంది. ఇతను ప్రతిసారీ మొదటికి వచ్చి కొత్తగా బయల్దేరుతున్నాడు. మూడోది బాగుంది. మళ్లీ వాయించు.

రెండోసారి వాయించాక ఆమె మాట మార్చింది. ఆ మార్పు నేను ఊహించలేదు.

పిన్ని: ఒక మాట అడుగుతాను. ఆ ముక్క నర్వాయెజ్‌దే అని నీకెలా తెలుసు? ఎవరో పేరు పెట్టి అమ్మేస్తే?

అబ్బాయి: జరిగింది. 1970లో సోవియట్ రష్యాలో వవిలోవ్ అనే గిటారు విద్వాంసుడు పాత ల్యూట్ సంగీతం అని ఒక రికార్డు తెచ్చాడు. ఫ్రాంచెస్కో పేరుతో ఒక ముక్క చాలా పేరు తెచ్చుకుంది. తీరా అవి చాలావరకు వవిలోవ్ సొంతంగా కట్టినవి. అందులోదే ఒక ఆవే మరియా తర్వాత పాతకాలపు ఇటలీ స్వరకర్త కచ్చీనీ పేరుమీద ప్రపంచమంతా తిరిగింది.

పిన్ని: కాగితం అబద్ధం ఆడుతుందన్నమాట.

అబ్బాయి: కాదు పిన్నీ, అక్కడ కాగితం లేదు. ఫ్రాంచెస్కో చేతిప్రతుల్లో, అచ్చుల్లో వెతికితే ఆ ముక్క ఎక్కడా లేదు. దానివల్లే బయటపడింది. విని నమ్మినవాళ్లు మోసపోయారు, వెతికినవాళ్లు పట్టుకున్నారు. త్యాగరాజస్వామివని చెలామణీ అయ్యే కృతుల్లో కొన్ని ఆయనవో కావో తేల్చుకోవడానికి మనం ఎంత తంటాలు పడుతున్నాం?

పిన్ని: ఇది సరైన దెబ్బ. తీసుకుంటాను. అయినా రాళ్లపల్లివారు తాను కట్టిన వరసని అన్నమయ్యదని ఎప్పుడూ అనలేదు. పరంపరలో ఉన్న మనిషికి ఆ మర్యాద ఉంటుంది.

అబ్బాయి: ఉంటుంది. నేనూ ఆ మర్యాద కోసమే పిల్లల చేత పైన పేరు, ఏడాది, ఏ వాద్యం కోసం రాశారో చదివించాక మొదలుపెట్టిస్తాను. గిటారు మూడో తీగని అర మెట్టు దించితే ల్యూట్ తీగల వరస వస్తుంది. దించాకే వాయిస్తాం.

పిన్ని: పాలకొల్లు శ్రీనివాస్ గుర్తున్నాడా? మేండలిన్.

అబ్బాయి: ఎలా మర్చిపోతాను! 1969లో పుట్టాడు, 2014లో పోయాడు. మేండలిన్ కూడా ల్యూట్ కుటుంబంలోదే.

పిన్ని: ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి మేండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, ఆ పిల్లాడు విని వాయించేవాడు. జంట తీగల వాద్యం గమకానికి లొంగకపోతే ఐదు ఒంటి తీగలు కట్టుకుని, కరెంటు పెట్టుకుని లొంగదీశాడు. ద్వారంవారు వయొలిన్‌తో చేసిందీ అదే. వాద్యం అక్కడినుంచి వచ్చింది, పాట ఇక్కడిది. నువ్వు పాట కూడా అక్కడిదే తెస్తున్నావు. నా పేచీ అది. ఈ ఊళ్లో పిల్ల గిటారు మీద ఆరభి వాయిస్తే నేను కాదంటానా?

అబ్బాయి: మన పాట ఎక్కడినుంచి వచ్చిందో చూస్తే ముత్తుస్వామి దీక్షితులే ఇంగ్లీషు బ్యాండు వరసలకి సంస్కృతంలో నోట్టుస్వరాలు కట్టారు. పరాయి పాట విన్నందుకు ఆయన రాగం పలచబడలేదు. నేను రెండూ తెస్తానంటున్నాను. డౌలండ్ విని ఏడవగలిగిన పిల్ల వరాళి విని ఏడవలేదంటే నేను నమ్మను.

పిన్ని: విని అంటున్నావు. చూసి అనలేదు.

అబ్బాయి: (నవ్వి) విని అనే అన్నాను. సరే, నాకొక సాయం చెయ్యి. ఘనరాగాల్లో నువ్వు వాయించే తానం ఉంది కదా, మీ టీచరుగారి దగ్గర నేర్చుకున్నది. దాన్ని నన్ను ట్యాబ్‌గా రాసుకోనీ. ఏ తీగ, ఏ మెట్టు, ఏ వేలు, మీటు ఎటు. గాస్పర్ సాంజ్ 1674లో జరగోజాలో గిటారు మీద నేర్చుకునేవాడికి ఎలా రాసిచ్చాడో అలా. ఆయన రాయబట్టే 1954లో స్పెయిన్ స్వరకర్త రోద్రీగో ఆ ముక్కలతో గిటారుకీ వాద్యబృందానికీ కలిపి రచన కట్టగలిగాడు. నీ తానం నువ్వు వాయించినన్నాళ్లే ఉండటం నాకిష్టం లేదు.

పిన్ని: ఏ రాగం?

అబ్బాయి: నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ. ఐదూ.

పిన్ని: ఆరభి రాసుకో. అందులో స్వరం నిటారుగా నిలబడుతుంది, నీ అంకెలకి కొంత లొంగుతుంది. నాట కూడా ప్రయత్నించు. వరాళి మాత్రం వద్దు.

అబ్బాయి: వరాళిని గురువు శిష్యుడికి ఎదురుగా నేర్పకూడదని మనవాళ్ల నమ్మకం కదా? అలాంటప్పుడు కాగితమే దారి!

పిన్ని: చాటుగా విని పట్టుకోవాలని దాని అర్థం. రాసి చేతికివ్వమని కాదు. రాయడం మొదలుపెట్టాక కాగితం పైభాగాన నేను చెప్పే మాట రాయాలి.

అబ్బాయి: చెప్పు. స్పెయిన్ విహువేలా విద్వాంసుడు ముదార్రా కూడా అలాంటి మాట రాశాడు. 1546లో సెవిల్లేలో అచ్చయిన పుస్తకంలో, లుదొవీకో అనే హార్ప్ విద్వాంసుడి తీరుని అనుకరించే ముక్క ఉంది. చివరికి వచ్చేసరికి కొన్ని స్వరాలు తప్పులా వినిపిస్తాయి, బాగా వాయిస్తే బాగానే ఉంటాయి అని వాయించేవాడికి ముందే చెప్పాడు. నాలుగు జతల తీగల గిటారుకి అచ్చులో తొలి ముక్కలు కూడా ఆ పుస్తకంలోనే ఉన్నాయి.

పిన్ని: మంచివాడు. మనిషి పక్కన కూర్చుని చెప్పే మాట అది. సరే, రాసుకో. "ఈ అంకెలు చేతికి. ముందు గొంతుతో పాడుకుని, ఆ తర్వాత తీగ ముట్టాలి."

అబ్బాయి: పాడలేనివాళ్లు?

పిన్ని: వాళ్లు నా దగ్గరకి రావాలని రాయి.

అబ్బాయి: కాగితం మనకన్నా ఎక్కువకాలం ఉంటుంది పిన్నీ. అది చూసి వచ్చేసరికి ఎవరుంటారు?

పిన్ని: అందుకే ఈలోగా నీ పిల్లల్లో ఇద్దర్ని నాకు పంపు. సరళీల నుంచి మొదలుపెడతాను.

అబ్బాయి: గిటారు తెచ్చుకోవచ్చా?

పిన్ని: తెచ్చుకోమను. శ్రుతి మాత్రం నా వీణకి కలుపుకోవాలి.